గ్రాండ్ కాన్యన్‌లో గైడ్‌తో మూడు రోజుల బ్యాక్‌ప్యాకింగ్, గ్రాండ్‌వ్యూ ట్రెయిల్, పాత రాగి గనుల వైపు – ఎవరైనా వెళ్ళారా?

ఎండుటాకు:

అందరికీ నమస్తే. అక్టోబర్ రెండో వారంలో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) నుంచి గ్రాండ్‌వ్యూ ట్రెయిల్‌లో కిందికి దిగే ట్రిప్ ఒకటి బుక్ చేద్దామనుకుంటున్నా. మొదటి రాత్రి హార్స్‌షూ మేసా (పైన చదునుగా ఉండే గుట్ట) మీద, అంటే 1890ల్లో రాగి తవ్విన చోటే, రెండో రాత్రి ఇంకా కిందికి కాటన్‌వుడ్ క్రీక్ అనే వాగు దగ్గర, మూడో రోజు వచ్చిన దారినే పైకి. గైడ్, టెంట్, తిండి, పర్మిట్ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మన బట్టలు, స్లీపింగ్ బ్యాగ్, నీళ్ళు, ఇంకా వాళ్ళు పంచిపెట్టే సామానులో మన వాటా మాత్రం మనమే మోయాలి.

నాకు 41 ఏళ్ళు. వారానికి మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లు నడుస్తా, అదీ చదునైన రోడ్డు మీద. వీపున బరువేసుకుని కొండ ఎక్కింది, దిగింది ఎప్పుడూ లేదు. ట్రిప్ పేజీలో మేసా వరకు దూరం 3 మైళ్ళు అనే ఉంది. మూడు మైళ్ళకి గైడా, అంత డబ్బా అని మా ఆయన నవ్వుతున్నాడు, నాకూ సగం అలాగే అనిపిస్తోంది, మిగతా సగం మాత్రం టెన్షన్.

ఇంకో సంగతి, నేను వెళ్ళాలనుకునేదే ఆ గనుల కోసం. మా నాన్న సింగరేణిలో ఇరవై ఎనిమిదేళ్ళు అండర్‌గ్రౌండ్‌లో చేశారు, చిన్నప్పుడు ఒక్కసారి కూడా లోపలికి తీసుకెళ్ళలేదు. ఇక్కడైనా ఆ సొరంగాల్లోకి నాలుగడుగులు వెయ్యనిస్తారా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ప్లీజ్. మోకాళ్ళ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

బరువుమోతు:

రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి గైడ్‌తో, ఒకసారి స్నేహితులతో. మీ ఆయనకి చెప్పండి, ఆ మూడు మైళ్ళని పక్కకి కొలవకూడదు, కిందికి కొలవాలి. ట్రెయిల్ మొదలయ్యేది 7,400 అడుగుల ఎత్తులో, మేసా ఉండేది 4,900 దగ్గర. అంటే రెండున్నర వేల అడుగులు మూడు మైళ్ళలోనే దిగిపోతారు. నాకు దిగడానికి మూడున్నర గంటలు పట్టింది, ఎక్కడానికి ఐదున్నర. పైగా ఇది నడిచేవాళ్ళ కోసం వేసిన దారి కాదు, ఖనిజం మోసే మ్యూల్స్ (కంచర గాడిదలు) కోసం గని వాళ్ళు వేసుకున్నది. కొండకి దారి పట్టు దొరకని చోట దుంగలు పేర్చి, వాటి మీద రాళ్ళు నింపి వేలాడదీసినట్టు కట్టారు. కొన్నిచోట్ల రాళ్ళని పక్కకి నిలబెట్టి గచ్చులా పరిచారు, నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ వాటి మీదే నడుస్తాం. చూడ్డానికి అద్భుతం, కానీ ఒక్కో మెట్టు మోకాలెత్తు, మీద ఇసుక, ఒక పక్క ఏమీ ఉండదు.

ఊపిరి దిగేటప్పుడు బాగానే ఉంటుంది, అందుకే మోసపోతాం. మైలు దాటాక కోకోనీనో సాడిల్ అని ఒక చదును వస్తుంది, అక్కడ బ్యాగ్ దించి నిలబడితే నా రెండు తొడలూ వాటంతటవే వణికాయి, కుట్టుమిషన్ సూదిలాగా. ఆపుదామన్నా ఆగలేదు. గైడ్ చూసి నవ్వి, ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్ చేతిలో పెట్టి ఇరవై నిమిషాలు కదలొద్దన్నాడు.

గైడ్ అక్కరకొచ్చేది ఇలాంటి చోటే, దారి చూపించడానికి కాదు. దారి కనపడుతూనే ఉంటుంది. ట్రెయిల్ మొదలయ్యే చోట నా బ్యాగ్ మొత్తం టార్పాలిన్ మీద గుమ్మరించి జీన్స్, రెండో జత బూట్లు, పెద్ద షాంపూ సీసా తీసి వ్యాన్‌లో పడేశాడు. నాకు కోపమొచ్చింది. సాయంత్రానికి ఆయనకి దండం పెట్టాను. మీ బరువులో నాలుగో వంతు కంటే బ్యాగ్ బరువు దాటనివ్వకండి, ఆ లెక్కలో నీళ్ళు కూడా ఉంటాయని మర్చిపోకండి. లీటరంటే కిలో. మేసా మీద చుక్క నీరుండదు కాబట్టి మొదటి రోజు నాలుగైదు లీటర్లు పైనుంచే మోసుకెళ్ళాలి. తూర్పు వైపు కొండవాలు దిగితే పేజ్ స్ప్రింగ్ అనే ఊట ఉంది, మైనర్స్ స్ప్రింగ్ అని కూడా అంటారు, కానీ ఆ వాలు చూశాక "మళ్ళీ దీన్ని ఎక్కి రావాలా" అనిపిస్తుంది. కాటన్‌వుడ్ క్రీక్‌లో నీళ్ళు అన్ని కాలాల్లో ఉండవు, ఉన్నాయా లేదా బయల్దేరే ముందు గైడే పార్క్ వాళ్ళని అడిగి తెలుసుకుంటాడు. ఏ నీళ్ళైనా ఫిల్టర్ చేసే తాగాలి.

భయమేస్తోందని కడుపు నిండా నీళ్ళు మాత్రమే తాగకండి, ఇది చాలామంది చేసే తప్పు. ఉప్పు లేకుండా నీళ్ళే పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుడు, వాంతులు, ముదిరితే మూర్ఛ. ఎండదెబ్బేమోనని ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది ఇంకా ప్రమాదం. తాగిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉప్పగా నమలండి.

బూట్ల సంగతి కూడా చెప్పేస్తా. అర సైజు పెద్దవి తీసుకోండి, రెండు రోజుల ముందే కాలి గోళ్ళు కత్తిరించుకోండి. దిగుతున్నంతసేపూ బొటనవేలు బూటు ముందు భాగాన్ని కొడుతూనే ఉంటుంది. మొదటిసారి నేను పట్టించుకోలేదు, రెండు గోళ్ళు నల్లబడి నెలకి ఊడిపోయాయి.

రాగిరేకు:

రాళ్ళపిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి గనుల సంగతి నేను చెప్తా. ముందు మీ ప్రశ్నకి జవాబు: లోపలికి వెళ్ళనివ్వరు, గైడ్ ఉన్నా వెళ్ళనివ్వరు. గనుల్లోకి దిగడం పార్క్‌లో నిషేధం. నోళ్ళకి ఇనుప కమ్మీల గేట్లు పెట్టారు, కమ్మీల మధ్య సందు గబ్బిలాలు వచ్చిపోయేంత మాత్రమే ఉంటుంది. మనుషుల్ని ఆపాలి, గబ్బిలాల్ని ఆపకూడదు, అదీ ఆ డిజైన్. కప్పు కూలడం, లోపల కనపడని గోతులు ఎలాగూ ఉంటాయి, దాంతోపాటు ఇంకోటుంది. ఇక్కడి రాగి బ్రెచియా పైపుల్లో దొరుకుతుంది. అడుగున సున్నపురాయి కరిగి గుహ ఏర్పడి, పై పొరలు అందులోకి కూలి, నిట్టనిలువు గొట్టంలా రాళ్ళముక్కలు నిండిపోతే దాన్ని అలా అంటారు. ఆ గొట్టాల్లో రాగితోపాటు యురేనియం కూడా చేరుతుంది. సౌత్ రిమ్ మీదున్న గ్రాండ్ కాన్యన్ విలేజ్ పక్కనే ఆర్ఫన్ గని అనేది ఇలాంటిదే. 1893లో రాగి కోసం క్లెయిమ్ (తవ్వుకునే హక్కు) వేశారు, 1950ల్లో చూస్తే యురేనియం, 1969 దాకా తవ్వారు. దాని కిందున్న హార్న్ క్రీక్ నీళ్ళ గురించి పార్క్ వాళ్ళు ఏమంటారో తెలుసా? దాహంతో చావడం తప్ప ఇంకో దారి లేకపోతేనే తాగమంటారు. (మీరు వెళ్ళేది అటు కాదు, కంగారు పడకండి.)

హార్స్‌షూ మేసా మీది గని పేరు లాస్ట్ ఛాన్స్. పీట్ బెర్రీ అనే అతను, కామెరాన్ సోదరులు కలిసి 1890లో క్లెయిమ్ వేశారు, దారి 1893కి పూర్తయింది. ఖనిజం ఎంత మేలైనదంటే అదే ఏడాది షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి కొట్టింది, 70 శాతం పైనే రాగి. మరి ఎందుకు మూతపడింది అంటే, రాగి మంచిదే, దారి చెడ్డది. ఒక్కో మ్యూల్ మీద 200 పౌండ్లు కట్టి మీరు ఎక్కబోయే ఆ దారినే పైకి తోలాలి, అక్కణ్ణుంచి బండ్ల మీద రైలు దాకా. బెర్రీకి ఇది అర్థమయ్యే రిమ్ మీద గ్రాండ్‌వ్యూ హోటల్ కట్టి గని చూపిస్తానని టూరిస్టుల్ని పట్టాడు. అది కూడా బాగానే నడిచింది, 1901లో రైలు నేరుగా కాన్యన్‌కి వచ్చేదాకా. రైలు ఆగింది మాత్రం ఆయన హోటల్‌కి పన్నెండు మైళ్ళు పడమరగా, జనమంతా అక్కడే దిగిపోయారు. 1907లో రాగి ధర కుప్పకూలింది, గని పని అంతటితో ఆగింది.

సొరంగం చూడలేకపోయినా మేసా మీద చూడ్డానికి చాలా ఉంది. రాళ్ళు పేర్చి కట్టిన వంటిల్లు గోడలు సగం నిలబడే ఉన్నాయి. గని నోటి ముందు పారబోసిన రాళ్ళగుట్టల్లో నీలం, ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తాయి, అజురైట్, మలాకైట్ అనే రాగి ఖనిజాలవి. పొద్దున ఏడింటికి ఏటవాలు ఎండలో చూడండి, చుట్టూ ఎర్రటి కాన్యన్‌లో ఆ నీలం ఎవరో రంగు డబ్బా ఒలకబోసినట్టుంటుంది. తుప్పు పట్టిన డబ్బాలు, మేకులు, తొట్టి ముక్కలు పడుంటాయి. చూసి అక్కడే వదిలెయ్యాలి. రంగురాయి ఒక్కటే కదా అని జేబులో వేసుకున్నా నేరమే.

భూమి లోపలికి వెళ్ళాలనే కోరిక మరీ ఉంటే మేసా పడమటి వైపు కేవ్ ఆఫ్ ది డోమ్స్ ఉంది, పార్క్ మొత్తంలో జనాన్ని వెళ్ళనిచ్చే గుహ అదొక్కటే. అది తవ్విన గని కాదు, సహజమైన గుహ. మీ గైడ్ ప్రోగ్రామ్‌లో ఉందో లేదో ముందే అడగండి. మనిషికి రెండు లైట్లు లేకుండా మాత్రం వద్దు.

ఒంటరిబాట:

అందరూ గైడ్ గైడ్ అంటున్నారు, నేను మాత్రం ముందు బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్‌లో ఒక రోజు దిగి చూడమంటాను. హవసుపాయ్ గార్డెన్స్ వరకు నాలుగున్నర మైళ్ళు, దారి వెడల్పు, పైపు పగలకపోతే మధ్యలో తాగునీళ్ళు కూడా ఉంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అక్కడిదాకా కూడా పోనక్కర్లేదు, మైలున్నర దిగి పైకొస్తే మీ ఒళ్ళు ఏం చెప్తుందో తెలుస్తుంది. ఆ తర్వాత నిర్ణయించుకోండి. గైడ్ ఫీజుతో మంచి బ్యాగ్, బూట్లు, స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కుంటే పదేళ్ళు వాడుకోవచ్చు.

బరువుమోతు:

@ఒంటరిబాట ముందు ఒక రోజు దిగి చూడమనడం మంచి సలహానే, ఒప్పుకుంటా. కానీ సొంతంగా వెళ్ళాలంటే పర్మిట్ లాటరీ నాలుగు నెలల ముందే, అక్టోబర్ కోసం ఇప్పుడు లేచి కూర్చుంటే ఏం లాభం. ఎప్పుడూ బ్యాగ్ మోయని మనిషిని మొదటి ట్రిప్‌కే నీళ్ళు లేని మేసా మీదకి ఒంటరిగా పంపడం నాకైతే ఇష్టం లేదు. ఏటా 250 మందికి పైగా మనుషుల్ని ఆ కాన్యన్‌లోంచి కాపాడి బయటికి తెస్తున్నారు, వాళ్ళలో ఎక్కువమంది నాలాగా "మూడు మైళ్ళే కదా" అనుకున్నవాళ్ళే అయ్యుంటారు.

@ఎండుటాకు గారు, డబ్బు కట్టేముందు ఆ కంపెనీకి పార్క్ అనుమతి ఉందో లేదో పార్క్ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకోండి. నేను మొదట మాట్లాడిన ఒక కంపెనీ వాళ్ళు (పేరెందుకులెండి) పర్మిట్ రాకముందే పూర్తి డబ్బు కట్టమన్నారు, అది రాకపోతే వేరే ట్రెయిల్‌కి మారుస్తామని చిన్న అక్షరాల్లో రాశారు. గని చూద్దామని వెళ్ళేవాళ్ళకి అది పనికిరాదు కదా. గుంపులో ఎంతమంది, గైడ్ దగ్గర సాటిలైట్ ఫోన్ ఉంటుందా, ఒకరు నడవలేకపోతే మిగతావాళ్ళ సంగతేంటి, ఇవి అడగండి. జవాబు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.

ఇప్పట్నుంచీ బియ్యం బస్తాలో పది కిలోలు బ్యాగ్‌లో వేసుకుని ఆఫీసు మెట్లు ఎక్కడం కాదు, దిగడం ప్రాక్టీస్ చేయండి. అందరూ ఎక్కడమే చేస్తారు.

ఎండుటాకు:

అందరికీ చాలా థ్యాంక్స్. కంపెనీకి ఫోన్ చేశా. పార్క్ జాబితాలో ఉన్నారు, పర్మిట్ చేతికొచ్చాకే బ్యాలెన్స్ కట్టమన్నారు, మేసా కాకుండా వేరే చోటికి మారిస్తే డబ్బు వెనక్కి ఇస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. గుహ ప్రోగ్రామ్‌లో లేదట, సరే. ముందు రోజు బ్రైట్ ఏంజెల్‌లో మైలున్నర దిగుదామనుకున్నా, కానీ మర్నాటికి తొడలు పట్టేస్తాయని గైడ్ వద్దన్నాడు, అందుకే సెప్టెంబర్‌లో విడిగా ఒక వీకెండ్ పెట్టుకుంటున్నాం. అవును, మా ఆయన కూడా. కిందటి వారం పది కిలోల బ్యాగ్‌తో పన్నెండు అంతస్తులు దిగించా, ఏడో అంతస్తులో నవ్వడం మానేశాడు.

నాన్నకి ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించా. పాత గని నోట్లోకి ఎవరు రమ్మన్నా తల పెట్టొద్దని ముందే ఒట్టు వేయించుకున్నారు. రాగి శాతం, బహుమతి, హోటల్ కథ అన్నీ విని ఊఁ కొట్టారు. మా గనిలో నీళ్ళు తోడలేక చచ్చేవాళ్ళం, వీళ్ళేమో నీళ్ళు లేక చచ్చారన్నమాట అన్నారు. కాసేపాగి, "మరి ఆ గాడిదలకి తాగడానికి ఎవరు తెచ్చేవాళ్ళు?" అని అడిగారు. రాగిరేకు గారూ, దీనికి జవాబు మీరే చెప్పాలి.

రాగిరేకు:

పేజ్ స్ప్రింగ్‌కి మైనర్స్ స్ప్రింగ్ అని ఇంకో పేరుంది కదండీ, అదే జవాబు. ఆ తూర్పు వాలు మీది దారి కూడా గని వాళ్ళదే. అక్కడికి దిగినప్పుడు నాన్నగారి కోసం ఒక ఫోటో తీసి ఇక్కడ కూడా పెట్టండి.