భీమిలి తీరరేఖ 30 మీటర్లు జరిగిందా? ఇంటర్న్‌షిప్ మ్యాపింగ్‌లో సందేహం

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ. ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం కోత, ఎర్రమట్టి దిబ్బల్లో గండ్ల మ్యాపు ఇచ్చారు. క్యూజీఐఎస్‌ (మ్యాపుల సాఫ్ట్‌వేర్)లో 2017, 2024 సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు పెట్టి గీస్తే తీరం 30 మీటర్లు లోపలికొచ్చింది. గైడ్ గారు నమ్మట్లేదు. గీత చుట్టూ 50 మీటర్ల బఫర్ (పట్టీ) కొడితే అది దేశాలు దాటిపోయింది. తప్పెక్కడ?

జవాబు 1: బఫర్ సంగతి చిన్నదే. మీ లేయర్ 4326 అనే కోఆర్డినేట్ పద్ధతి (సీఆర్ఎస్)లో ఉంది, అక్కడ కొలత డిగ్రీల్లో, 50 అంటే 50 డిగ్రీలు. ‘రీప్రాజెక్ట్ లేయర్’తో మీటర్లలో కొలిచే 32644 (యూటీఎం జోన్ 44)కి మార్చండి. ‘సెట్ సీఆర్ఎస్’ నొక్కితే పేరే మారుతుంది, అంకెలు మారవు. సగం మంది పడేది ఇక్కడే. విశాఖ 83.3 డిగ్రీల రేఖాంశం కాబట్టి జోన్ 44. ఇచ్ఛాపురం వైపు పనిపడితే 84 దాటిపోతుంది, అక్కడ జోన్ 45.

జవాబు 2: అసలు చిక్కు ఆటుపోట్లది. ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ ఉదయం పదిన్నర ప్రాంతంలోనే వెళ్తుంది కానీ, ఆ గంటకి నీటిమట్టం రోజుకోలా ఉంటుంది. బీచ్ వాలు 20కి 1 అనుకోండి: మట్టం ఒక మీటరు పెరిగితే నీటి అంచు 20 మీటర్లు లోపలికొస్తుంది. ఈ చిత్రాల్లో ఒక పిక్సెల్ 10 మీటర్లు, అంటే రెండు పిక్సెళ్లు. ఇసుక ఒక్క రేణువు కదలకపోయినా మ్యాపులో ‘కోత’ కనిపిస్తుంది.

చిత్రం మెటాడేటా (దానితో వచ్చే వివరాలు)లో సమయం యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో ఉంటుంది. దానికి 5.30 గంటలు కలిపి, విశాఖ టైడ్ టేబుల్ (ఆటుపోట్ల పట్టిక)లో ఆ సమయానికి మట్టం చూడండి. రెండు చిత్రాల మధ్య తేడా 0.2 మీటర్లు మించకూడదు. నెల కూడా ఒకటే ఉండాలి. వానాకాలం అలలకి బీచ్ సన్నబడి తర్వాత మళ్లీ పూడుతుంది, అందుకే జనవరి–మార్చి మంచిది, మబ్బులూ తక్కువ.

వాలుని ఊహించి రాయొద్దు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబు, రెండు కర్రలు, టేపు చాలు. నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు, తీరానికి అడ్డంగా ప్రతి 5 మీటర్లకి ఎత్తు తేడా రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చూశాను సార్. 2017ది అక్టోబరు, 2024ది జనవరి. 2024లో మట్టం 0.5 మీటర్లు ఎక్కువ. వాలు 20కి 1 వచ్చింది. అంటే 10 తీసేస్తే 20 మీటర్లు నిజమైన కోతేనా?

జవాబు 2: తొందరపడకండి. ఒక్కో గీతలో పొరపాటు పిక్సెల్ వల్ల 10, చిత్రం నేల మీద సరైన చోట కుదిరిన తేడా వల్ల 8, మిగిలిన ఆటుపోటు వల్ల 4 మీటర్లనుకుందాం. వర్గాల మొత్తం 180, వర్గమూలం 13.4. గీతలు రెండు కాబట్టి 1.41తో గుణిస్తే మొత్తం పొరపాటు 19 మీటర్లు. మీ 20 దాదాపు అక్కడే ఉంది, పైగా నెలలూ వేరు. ‘కోత జరిగింది’ అని రాసే బలం దానికి లేదు. ఏడాదికి నాలుగైదు చిత్రాలు తీసుకుని సగటు చూడండి. కుదిరిన తేడా కోసం హార్బర్ గోడ మూల రెండింటిలోనూ ఎక్కడ పడిందో కొలవండి.

జవాబు 3: దిబ్బల గురించి. నాలుగైదు మీటర్ల గండి 10 మీటర్ల పిక్సెల్‌లో దొరకదు. హై రిజల్యూషన్ చిత్రం మీద 1:1000 స్కేలులో గీసి, క్యూఫీల్డ్ (ఫోన్‌లో వాడే మ్యాపు యాప్)తో అక్కడికెళ్లి సరిచూసుకోండి. ఫోన్ జీపీఎస్ ఆకాశం తెరిచి ఉంటే 3–5 మీటర్లు. గండి లోపల మట్టిగోడల వల్ల ఇంకా చెడుతుంది. అందుకే అంచు మీద నిలబడి ఒక నిమిషం సగటు తీసుకోండి, అది కూడా ఒడ్డు చివర కాదు, కిందంతా వదులు ఇసుక. బీచ్ దగ్గర ఎత్తు మైనస్ పదుల మీటర్లు చూపిస్తే ఫోన్ పాడైనట్టు కాదు, అది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి కొలిచిన ఎత్తు. సముద్రమట్టం నుంచి ఎత్తు రావాలంటే జియాయిడ్ దిద్దుబాటు పెట్టాలి.

మ్యాపు సేవ్ చేసేటప్పుడు షేప్‌ఫైల్ ఫార్మాట్ వద్దు, జియోప్యాకేజీ వాడండి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకి 10 బైట్లే. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడుతుంది కాబట్టి మూడు గుర్తులతోనే సరి.

దిబ్బలు జాతీయ భౌగోళిక వారసత్వ స్థలం, తవ్వి శాంపిల్ తియ్యకూడదు. డ్రోన్ ఆలోచన ఉంటే ముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూడండి, ఇది నేవీ ఊరు.