నాస్ డాక్యుమెంటరీకి సబ్‌టైటిల్స్ సగం నుంచి తప్పుతున్నాయి

2014లో వచ్చిన ‘టైమ్ ఈజ్ ఇల్‌మాటిక్’ చూస్తున్నాను. న్యూయార్క్ క్వీన్స్‌బ్రిడ్జ్‌లో ర్యాపర్ నాస్ పెరిగిన తీరు, 1994 నాటి అతని తొలి ఆల్బమ్ గురించిన సినిమా. నా డిస్క్‌లో సబ్‌టైటిల్స్ లేవు, అందుకే విడిగా దొరికిన ఎస్ఆర్‌టీ ఫైల్ (సబ్‌టైటిల్ లైన్లు, అవి కనిపించాల్సిన సమయాలు ఉండే ఫైల్) పెట్టాను.

మొదట్లో బాగానే ఉండేది. పది నిమిషాలకి సుమారు 25 సెకన్లు, అరగంటకి 75 సెకన్లు ఆలస్యంగా వచ్చేది. నా వీడియో సెకనుకు 25 ఫ్రేములు, ఫైల్ 23.976కి చేసినట్టుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చాను. దాంతో మొదటి అరగంట చక్కగా కుదిరింది. కానీ 31వ నిమిషం దాటగానే ఒక్కసారిగా 8 సెకన్లు ముందే వచ్చేస్తోంది, అక్కణ్ణుంచి చివరిదాకా అదే తేడా. పెరగదు, తగ్గదు. బహుశా రెండు కాపీల ఎడిటింగ్ వేరేమో.

వీఎల్‌సీ ప్లేయర్‌లో హెచ్ కీతో ఆలస్యం చేస్తే రెండో సగం సరిపోతుంది, మొదటి సగం పాడవుతుంది. మామూలు సినిమా అయితే సర్దుకునేవాణ్ణి. ఇక్కడ నాస్ తండ్రి ఓలు దారా, తమ్ముడు జంగిల్ మాటల యాస నాకు సరిగా అందదు, ర్యాప్ చరణాల్లో అయితే ప్రాస ఒకచోట, అక్షరాలు ఇంకోచోట!

సబ్‌టైటిల్ ఎడిట్‌లో 31వ నిమిషం తర్వాతి లైన్లన్నిటినీ మాత్రమే ఒకేసారి 8 సెకన్లు ఆలస్యం చేయడం ఎలా?