కడుపు ఆపరేషన్ తర్వాత నొప్పికి వెన్నులో గొట్టం: ఒప్పుకోవాలా, వద్దా?

కర్నూలు నుంచి:
మా నాయనకు 68 ఏళ్లు. బుధవారం పెద్దపేగు ఆపరేషన్, కడుపు నిలువునా కోయాలట. ఎపిడ్యూరల్ అని వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మూడు రోజులు మందు పంపిస్తామని మత్తు డాక్టరు చెప్పినారు. వెన్నులో సూది పడితే బతికినన్నాళ్లూ నడుంనొప్పేనని మా మేనత్త సంతకం పెట్టనివ్వడం లేదు. ఏం చేయాలి?

ఆదోని నుంచి:
నేనైతే వద్దంటాను అక్కా. మా అమ్మకు ఎడమ పక్క నొప్పి పోయింది, కుడి పక్క అట్లే ఉండింది. పైగా బీపీ పడిపోయి రెండు రోజులు మంచం దిగనివ్వలేదు. చివరికి తీసేసి మామూలు ఇంజెక్షన్లే ఇచ్చారు.

అనంతపురం, స్టాఫ్ నర్సు:
అన్నా, మీ అమ్మగారికి జరిగింది మేమూ చూస్తుంటాం. గొట్టం కొంచెం జరిగినా ఒక పక్కే పనిచేస్తుంది, బీపీ పడుతుంది, కొందరికి దురద, మూత్రం బిగుసుకోవడం. అయినా నేను దీని వైపే. పెద్ద కోత పడిన మనిషి నొప్పికి భయపడి దగ్గడు, గట్టిగా ఊపిరి తీయడు, గళ్ల లోపలే నిలిచి నిమ్ము చేస్తుంది. పెద్ద కడుపు ఆపరేషన్లలో ఎపిడ్యూరల్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి చూసిన, 2002లో అచ్చయిన మాస్టర్ అనే అధ్యయనంలో 915 మందిని చేర్చుకున్నారు. మరణాల్లో తేడా రాలేదు, కానీ ఊపిరి ఆడక ఇబ్బంది పడినవాళ్లు ఎపిడ్యూరల్ లేనివాళ్లలో 30 శాతం, ఉన్నవాళ్లలో 23 శాతం. నొప్పికి ఇంజెక్షన్‌గా ఇచ్చే మార్ఫిన్ పేగును మందగింపజేస్తుంది, అదే ఎపిడ్యూరల్‌తో గ్యాస్ త్వరగా పోతుంది. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు గానీ జీవితాంతం నడుంనొప్పి అనేదానికి ఆధారం లేదు. రాత్రి రెండు గంటలకు బీపీ, కాళ్ల కదలిక ఎవరు చూస్తారో మాత్రం గట్టిగా అడగండి. చూసేవాళ్లు లేని వార్డులో నేనూ ఒప్పుకోను.

కడప నుంచి:
లాపరోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) అయితే మామూలుగా ఇంత అవసరం రాదు, అదీ అడగండి.

కర్నూలు నుంచి:
లాపరోస్కోపీ కుదరదన్నారు. నాయనకు రెండేళ్ల కిందట గుండెలో స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర ఆదివారం దాకా వేసుకున్నాడు. అది కూడా చెప్పాలా?

స్టాఫ్ నర్సు:
చెల్లీ, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ఆ మాత్ర ఆపి 5 నుంచి 7 రోజులు కాకుండా వెన్నులో గొట్టం పెట్టరు, సూది పడినచోట రక్తం కారి, లోపలే గడ్డగా చేరి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. అరుదే, కానీ ఆ ముప్పు తెచ్చుకోకూడదు. అప్పుడు పొట్ట గోడలోకి మత్తు మందు ఎక్కించే బ్లాక్ గురించి వాళ్లే చెబుతారు. స్టెంట్ ఉన్నవాళ్లు ఆ మాత్ర ఎన్నాళ్లు ఆపాలో గుండె డాక్టరు చెప్పాల్సిందే, మీరే ఆపేయొద్దు.