పుట్టగొడుగు ఆకారంలో రాకెట్: తాడుకు కట్టి తిప్పితే తోక ముందుకు తిరిగిపోతోంది, ఏం చేయాలి?

కాగితపుగొట్టం:

అందరికీ నమస్తే. మామూలు మోడల్ రాకెట్లు ఇప్పటికి ఏడెనిమిది కట్టి ఎగరేశాను, సన్నటి గొట్టం, ముందు నోస్ కోన్, వెనక మూడు ఫిన్లు, అవన్నీ చక్కగా ఎగిరాయి. ఈసారి మా అమ్మాయి తనకు పుట్టగొడుగు రాకెట్ కావాలని బొమ్మ గీసి చేతిలో పెట్టింది. ఎర్ర గొడుగు, దాని మీద తెల్ల చుక్కలు, కింద తెల్లటి కాడ. ఫిన్లు పెడతానంటే "పుట్టగొడుగుకి రెక్కలుంటాయా నాన్నా?" అంది. నిజమే కదా అనిపించి ఫిన్లు లేకుండానే కట్టాను.

గొడుగు థర్మోకోల్ అర్ధగోళం, అడ్డంగా 150 మిల్లీమీటర్లు, లోపల చాలా వరకు తొలిచేసి పైన పల్చటి కాగితం అంటించాను. కాడ 40 మిల్లీమీటర్ల అట్ట గొట్టం, గొడుగు అంచు నుంచి కిందికి 180 మిల్లీమీటర్లు. అడుగున 24 మిల్లీమీటర్ల మోటార్ పట్టేలా లోపల చిన్న గొట్టం బిగించాను. డీ12-3 మోటార్ పెట్టి తూస్తే మొత్తం 120 గ్రాములు. వేలి మీద నిలబెట్టి చూస్తే బరువు సమానమయ్యే చోటు, అంటే సీజీ, గొడుగు కొన నుంచి 130 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. అక్కడ తాడు కట్టి తల చుట్టూ తిప్పితే ప్రతిసారీ కాడ ముందుకొచ్చి గొడుగు వెనక్కి పోతోంది. ఓపెన్‌రాకెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొలతలన్నీ ఎక్కిస్తే అది సీపీని, అంటే గాలి బలమంతా పనిచేసే చోటును, గొడుగు కొనకంటే ముందు, అసలు రాకెటే లేని చోట చూపిస్తోంది. కొలతలు మూడుసార్లు సరిచూశాను, తప్పేమీ లేదు. గొడుగులో బరువు పెడితే సరిపోతుందా? పెడితే ఎంత పెట్టాలి? ఎలాగైనా దీన్ని ఎగరేయాలని ఉంది, ఆ పిల్ల రోజూ అడుగుతోంది.

గాలివాటు:

ముందు ఒక మంచి పని చేశారు, తిప్పి చూడకుండా ఎగరేయలేదు. ఇలాంటి ఆకారాన్ని అలాగే వెలిగిస్తే, లేచేటప్పుడు దాన్ని నిటారుగా పట్టి ఉంచే లాంచ్ రాడ్ దాటిన వెంటనే పల్టీలు కొట్టి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్ సంగతి మొదట చెబుతాను. అది వాడేది బారోమన్ సమీకరణాలు, 1960ల్లో జేమ్స్ బారోమన్ తయారుచేసినవి. అవి సన్నగా పొడవుగా ఉండి, గాలి ఒంటికి అంటుకుని సాఫీగా జారిపోయే రాకెట్ల కోసం రాసినవి. మీ గొడుగు అంచు దగ్గర 150 మిల్లీమీటర్ల నుంచి ఒక్కసారిగా 40కి పడిపోతోంది కదా, ఆ లెక్క దాన్ని వెనక్కి సన్నబడే భాగంగా తీసుకుని అక్కడ తిరుగుదిశలో బలం వస్తుందంటుంది. గొడుగు ముందు భాగం ఇచ్చే బలాన్ని అది దాదాపు కొట్టేస్తుంది. మిగిలేది చాలా తక్కువ కాబట్టి సీపీ ఎక్కడికో విసిరేసినట్టు వెళ్లిపోతుంది. అసలు గాలిలో జరిగేది అది కాదు, అంచు దగ్గర గాలి విడిపోయి వెనక సుడులు తిరుగుతుంది. అందుకని ఆ అంకెను పట్టించుకోకండి.

మీ గొడుగు అర్ధగోళం కాబట్టి ఇంకా తేలికైన దారి ఉంది. గాలి ఒత్తిడి ఎప్పుడూ ఉపరితలానికి లంబంగా నెడుతుంది. గోళం మీద ఎక్కడ లంబం గీసినా అది గోళం మధ్యబిందువు గుండానే పోతుంది. అర్ధగోళానికి ఆ మధ్యబిందువు ఎక్కడుంది? సరిగ్గా అడుగు తలం నడిమధ్యలో, అంటే మీ గొడుగు అంచుకు సమానంగా, కొన నుంచి 75 మిల్లీమీటర్ల దగ్గర. గొడుగు మీద పడే గాలి బలమంతా ఆ ఒక్క చోట పనిచేస్తున్నట్టే లెక్క. సీజీ దానికి పైన ఉంటే రాకెట్ తనంతట తానే సర్దుకుంటుంది, కింద ఉంటే తిరగబడుతుంది. మీది 130 దగ్గర ఉంది, అంటే 55 మిల్లీమీటర్లు కింద. తిరగబడక ఏం చేస్తుంది!

ఇక బరువు. గొడుగు కొన దగ్గర క్లే పెట్టి సీజీని 60కి తేవాలంటే దగ్గరదగ్గర 168 గ్రాములు కావాలి, లెక్క వేసి చూడండి. ఇప్పుడున్న రాకెట్ కంటే ఆ ముద్దే ఎక్కువ బరువు. మొత్తం 290 గ్రాములకు వస్తుంది. డీ12 సగటు తోపు 10 న్యూటన్లు దాటి కొంచెం ఉంటుంది, రాకెట్ బరువే దాదాపు 3 న్యూటన్లయితే నిష్పత్తి నాలుగు కూడా రాదు, మనం కనీసం అయిదు చూసుకోవాలి. పైగా తలలో అంత బరువున్న వస్తువు పారాచూట్ తెరుచుకోకుండా పడితే కింద ఉన్నవాళ్లకు ప్రమాదం. ఒక్క బరువుతోనే దీన్ని గెలవాలని చూడొద్దు.

కాగితపుగొట్టం:

గోళం మధ్యబిందువు మాట చదివాక అంతా ఒక్కసారిగా వెలిగింది, రెండు రోజులుగా సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతున్నాను. తిప్పి చూసినప్పుడు మోటార్ లోపలే ఉంది, దాన్ని వెలిగించే ఇగ్నైటర్ మాత్రం పెట్టలేదు. మరి బరువు కాకపోతే ఏది దారి?

అట్టముక్క:

కాడ కోసేయండి. మీ సీజీని కిందికి లాగుతున్నది 43 గ్రాముల మోటార్, అది కాడ చివర కూర్చుంది. 180 మిల్లీమీటర్ల కాడను 80 చేస్తే మోటార్ 100 మిల్లీమీటర్లు పైకి వస్తుంది, ఒక్క గ్రాము కలపకుండానే సీజీ 80 ప్రాంతానికి చేరుతుంది. అసలు పుట్టగొడుగులన్నిటికీ పొడుగు కాడ ఉండదు కదా, పొట్టిగా బొద్దుగా ఉన్నవే చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, పాపకు అలా చెప్పి చూడండి.

కాడ పొడుగు అలాగే ఉంచి మోటార్‌ను మాత్రం లోపల పైకి జరుపుదామని మీకు అనిపించవచ్చు, నేనూ ఒకప్పుడు ఒక లాంతరు ఆకారానికి అలాగే చేశాను. చేయకండి. మంట బయటికి వచ్చే మోటార్ మూతి, అంటే నాజిల్, గొట్టం లోపలికి గొట్టం వ్యాసం కంటే ఎక్కువ దూరం పోతే మంట గొట్టంలో వ్యాపించి పక్కల నుంచి గాలిని లాక్కుంటుంది, తోపు బాగా పడిపోతుంది. క్రుష్నిక్ ఎఫెక్ట్ అంటారు దీన్ని. నా లాంతరు పెద్ద శబ్దం చేసి రాడ్ సగం దాకా ఎక్కి మళ్లీ కిందికి జారింది, అట్ట గొట్టం లోపలంతా మాడిపోయింది.

కాడ పొట్టిది చేశాక కూడా సీజీ అంచుకు కాస్త కిందే ఉంటుంది కాబట్టి గొడుగు లోపల పైన ఒక 60 గ్రాముల క్లే పెట్టి ఎపాక్సీ జిగురుతో కప్పేయండి. ఇక ఫిన్లు. పాప వద్దంది సరే, కనిపించని ఫిన్లు పెట్టండి. 1 మిల్లీమీటర్ మందం పారదర్శక పాలికార్బనేట్ షీట్ తీసుకుని మూడు కోయండి, పది అడుగుల దూరం నుంచి చూస్తే కంటికి ఆనవు. యాక్రిలిక్ మాత్రం వద్దు, నేల తగిలితే పెళుసుగా విరిగిపోతుంది. ముఖ్యమైన సంగతేంటంటే గొడుగు వెనకంతా సుడిగాలే, ఆ నీడలో దాక్కున్న ఫిన్‌కి పని ఉండదు. కాబట్టి ఫిన్ కాడ దగ్గర మొదలై గొడుగు అంచు దాటి ఇంకో 50 మిల్లీమీటర్లు బయటికి రావాలి, శుభ్రమైన గాలి దొరికేది అక్కడే. మూడూ కలిపి 25 గ్రాములు వస్తాయి, మొత్తం రాకెట్ 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. సీజీ 68 దగ్గర ఉంటుంది, ఫిన్ల వల్ల సీపీ అంచు కంటే ఇంకా కిందికి పోతుంది.

లాంచ్ రాడ్ గురించి ఆలోచించారా? గొట్టం పక్కన అంటించే మామూలు లగ్, అంటే రాడ్ దూరే చిన్న గొట్టం, ఇక్కడ పనికిరాదు, పైన గొడుగు అడ్డొస్తుంది. గొడుగులో నిలువునా చిన్న రంధ్రం చేసి అందులో కాగితపు గొట్టం అంటించండి, కాడకు అంటించిన రెండో లగ్‌తో అది ఒకే వరసలో ఉండాలి. గొడుగూ కాడా విడిగా ఊడేవి కాబట్టి బిగించిన ప్రతిసారీ వరస కుదిరేలా రెండింటి మీదా గీత గీసి పెట్టుకోండి. రాడ్ 5 మిల్లీమీటర్లది, కనీసం మీటరు పొడవుండాలి. సన్నటి రాడ్ ఇంత లావుపాటి దానికి ఊగిపోతుంది.

కొత్తగావచ్చా:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాకు ఈ హాబీ కొత్త. డీ12-3 అంటే ఏమిటి? ఇంకో మాట, రాకెట్ అంతా ఇంట్లోనే కడుతున్నప్పుడు మోటార్‌లో కాలే మందు కూడా ఇంట్లోనే కలుపుకోవచ్చు కదా, వీడియోల్లో చాలామంది చేస్తున్నారు.

గాలివాటు:

మందు ఇంట్లో కలపడం వద్దు. ఇది పెద్దగొంతుతోనే చెబుతున్నాను. మోడల్ రాకెట్ హాబీ పుట్టిందే ఆ ప్రమాదం ఆపడానికి. 1950ల్లో పిల్లలు ఇళ్లలో మందు కలిపి, ఇనుప గొట్టాల్లో కూరి చేతులు, కళ్లు, ప్రాణాలు పోగొట్టుకుంటుంటే, ఫ్యాక్టరీలో తయారైన కాగితపు మోటార్లతో హ్యారీ స్టైన్ లాంటివాళ్లు ఈ పద్ధతిని నిలబెట్టారు. మోటార్ కొన్నదే వాడాలి, దాన్ని విప్పకూడదు, మార్చకూడదు. మీరున్న చోట మోటార్లు దొరక్కపోతే, లేదా చట్టం ఒప్పుకోకపోతే, సైకిల్ పంపుతో కొట్టే నీళ్ల సీసా రాకెట్ కట్టండి. సీజీ, సీపీ లెక్క దానికీ ఇదే, ఆకారాలతో ఆడుకోవడమూ ఇలాగే.

ఇక పేరు. అక్షరం మోటార్ కాలినంతసేపూ ఇచ్చే మొత్తం తోపును, అంటే ఇంపల్స్‌ను, చెబుతుంది, ఒక్కో అక్షరం దాటితే పరిమితి రెట్టింపవుతుంది. సీ అంటే 5 నుంచి 10 న్యూటన్ సెకన్లు, డీ అంటే 10 నుంచి 20. తర్వాతి 12 సగటు తోపు న్యూటన్లలో, అది పేరులోని అంకె, నిజంగా వచ్చేది ముందు చెప్పినట్టు 10కి కాస్త పైన. చివరి 3 అంటే మందు కాలిపోయాక పారాచూట్‌ను తోసే చిన్న పేలుడుకు ముందు ఆగే సెకన్లు. పుట్టగొడుగు లాంటి లావుపాటి వాటిని గాలి గట్టిగా పట్టి ఆపేస్తుంది, మోటార్ ఆగిన రెండు సెకన్లకు కాస్త తర్వాత పైకి పోవడం ఆగిపోతుంది. అందుకే 3. ఇందులో 5 పెడితే కిందికి దూకుతూ వేగం అందుకున్నాక పారాచూట్ తెరుచుకుంటుంది, తాడు తెగుతుంది.

రంగులపిచ్చి:

లెక్కల సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను రంగు సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది గొడుగు పోగొట్టుకుంటారు. థర్మోకోల్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొట్టారంటే అందులోని ద్రావకం తాకిన చోటల్లా కరిగి గుంటలు పడతాయి. సూపర్ గ్లూ కూడా అంతే. చెక్కకు వాడే తెల్ల జిగురు, కాగితం, దాని మీద నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగు, ఈ వరసలో పోతే ఏ సమస్యా రాదు. గొడుగు లోపల పారాచూట్ ఉండే చోట కూడా థర్మోకోల్ బయటికి కనిపించకూడదు, వేడి పొగ తగిలితే కుంచించుకుపోతుంది, లోపలి గొట్టాన్ని చివరి దాకా కాగితంతో మూసేయండి. పారాచూట్ కింద మంట అంటుకోని కాగితం, అంటే వాడింగ్, తప్పనిసరి.

పాలికార్బనేట్ అంటించే ముందు అంచును గరుకు కాగితంతో రుద్దండి, నున్నగా ఉంటే ఎపాక్సీ పట్టదు.

కాగితపుగొట్టం:

మీరంతా చెప్పినట్టే చేశాను, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, గొడుగు మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది.

కాడ 80, క్లే 60 గ్రాములు, పారదర్శక ఫిన్లు మూడు. తూస్తే 203 గ్రాములు, సీజీ 69 దగ్గర. రెండున్నర మీటర్ల తాడుతో తిప్పితే మొదటి రెండు చుట్లు తడబడి తర్వాత గొడుగు ముందుకు తిరిగి అలాగే నిలిచింది, తాడు చేతిలో బిగుసుకున్న ఆ క్షణం ఎంత సంతోషంగా అనిపించిందో రాయలేను. డీ మోటార్ వరకు 5 మీటర్ల దూరం చాలంటారు కానీ ఆకారం కొత్తది కాబట్టి 15 మీటర్ల వైరు వేశాను, అమ్మాయిని ఇంకా వెనక నిలబెట్టాను. గాలి దాదాపు లేదు. మొదటిసారి బటన్ నొక్కితే వెలగలేదు, బటన్ పెట్టె తాళం తీసేసి, నిమిషం ఆగి, దగ్గరికి వెళ్లి చూస్తే ఇగ్నైటర్ వైరు జారింది. రెండోసారి లేచింది.

మామూలు రాకెట్లలా కళ్లకు అందకుండా పోలేదు, మొత్తం దారి కనిపించింది, ఇలాంటి ఆకారాల్లో నాకు నచ్చింది అదే. 70 మీటర్ల లోపే ఎక్కి ఉంటుంది. మధ్యలో కొంచెం గాలి వైపు వంగింది, పైన ఆగీ ఆగగానే గొడుగు ఊడి 45 సెంటీమీటర్ల పారాచూట్ తెరుచుకుంది. గడ్డిలో దిగింది. ఒక ఫిన్ జిగురు దగ్గర ఊడి వచ్చింది, అది నేను గరుకు కాగితంతో సరిగా రుద్దని ఫిన్నే. అమ్మాయి పరుగెత్తుకెళ్లి గొడుగు పట్టుకుని "రెక్కలు కనిపించలేదు నాన్నా" అంది.

ఊడిన ఫిన్ తిరిగి అంటించే ముందు ఒక సందేహం. అదే చోట ఎపాక్సీ మీద ఎపాక్సీ వేయాలా, లేక కాడకు సన్నటి గాడి కోసి ఫిన్‌ను లోపలి మోటార్ గొట్టం దాకా దూర్చాలా?

అట్టముక్క:

గాడి కోసి లోపలి గొట్టానికి అంటించండి, మూడింటినీ అలాగే చేయండి. బయట అట్ట మీద మాత్రమే అంటిస్తే జిగురు నిలిచినా అట్ట పొర చిరిగి వస్తుంది. ఫిన్ వేరుకు ఒక 12 మిల్లీమీటర్ల నాలుక వదిలి కోయండి, 40 గొట్టానికీ మోటార్ గొట్టానికీ మధ్య ఖాళీ 7, 8 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి తర్వాత అరగదీసి సరిచేసుకోవచ్చు. మళ్లీ తూచి, మళ్లీ తాడు కట్టి తిప్పాకే ఎగరేయండి, జిగురు బరువంతా వెనకే చేరుతుంది.