కొత్త కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది: గదిలో పడుకోబెట్టాలా, బాల్కనీలో వదిలేయాలా?

మూడో_అంతస్తు · రాత్రి 11:52
విజయవాడ, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. లాబ్రడార్ మగపిల్ల. అమ్మినతను 45 రోజులన్నాడు, బరువు 2.4 కిలోలు. వచ్చి నాలుగు రాత్రులైంది. హాల్లో అట్టపెట్టె పెట్టి, పాత దుప్పటి వేసి పడుకోబెడుతున్నాం. లైటు తీసిన పది నిమిషాలకు మొదలుపెడుతుంది, రెండున్నర దాకా ఆపదు. రాత్రి తొమ్మిదిన్నరకు పాలన్నం పెడుతున్నాం. పక్కనే నీళ్ళ గిన్నె ఉంటుంది. నిన్న పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు. ఏడిస్తే వెళ్ళాలా, వెళ్ళకూడదా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

తోటకాపు · రాత్రి 12:10
వెళ్ళొద్దు. 40 నిమిషాలు ఏడ్చాక మీరు వెళ్ళారనుకోండి, 40 నిమిషాలు ఏడిస్తే మనిషి వస్తాడని దానికి తెలిసిపోతుంది. ఒక రాత్రి వెళ్ళి ఒక రాత్రి మానేస్తే మరీ ఘోరం. ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి వచ్చేదాకా ఏడుస్తుంది. ముందు చోటు ఖాయం చేయండి. మీకు బాల్కనీయే దిక్కు. గోనెపట్టా నాలుగు మడతలు వేసి పరచండి, గాలి కొట్టే వైపు అడ్డం పెట్టండి. సాయంత్రం 7 తర్వాత తిండి లేదు. 9కి నీళ్ళ గిన్నె తీసేయండి, పొద్దున 5కి మళ్ళీ పెట్టండి. పడుకునే ముందు పావుగంట ఆడించండి. మూడు రాత్రులు, మహా అయితే ఐదు. చెవుల్లో దూది పెట్టుకుని పడుకోండి.

కొబ్బరిమట్ట · రాత్రి 12:31
మాదీ ఇదే గోల. చూస్తున్నా.

నాలుగుకాళ్ళు · ఉదయం 6:20
తోటకాపు గారూ, మీరు చెప్పింది మారాం నేర్చిన పెద్ద కుక్కకు సరిపోతుంది. ఇది మొన్నటిదాకా తల్లి పొట్టకి ఆనుకుని, తోబుట్టువుల మీద తల పెట్టుకుని పడుకున్నది. విడదీస్తే ఏడవడం దానికి ఎవరూ నేర్పలేదు. తప్పిపోయిన పిల్ల ఎక్కడుందో తల్లికి తెలియాలని ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. 6, 7 వారాల వయసులో ఈ ఏడుపు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందని 1961 నాటి అమెరికా పరిశీలనలోనే ఉంది. 1977లో ఇంకో పరీక్షలో, అలా ఏడ్చే పిల్లలకు తిండి, బొమ్మలు, మెత్తటి గుడ్డ, మనిషి, ఇలా ఒక్కొక్కటీ ఇచ్చి చూశారు. తిండితో దాదాపు ఏమీ తగ్గలేదు. మనిషి దగ్గరుంటే బాగా తగ్గింది.

మూడో_అంతస్తు గారూ, అట్టపెట్టె తీసేయండి. వారంలో కొరికి మింగుతుంది. 36 అంగుళాల ఇనుప క్రేట్ (కుక్క పడుకునే చువ్వల పెట్టె), మధ్యలో అడ్డుపలక ఉన్నది తీసుకోండి. పిల్ల నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్ళు చాపుకునేంత చోటే వదిలి పలక బిగించండి. మొత్తం వదిలితే ఒక మూల ఒంటికి పోసి ఇంకో మూల పడుకుంటుంది, శుభ్రం అలవడదు. లోపల దూది పరుపు వద్దు, ఉతికిన పాత చీర మడత చాలు. క్రేట్‌లో ఉన్నంతసేపు మెడ బెల్ట్ తీసేయండి, చువ్వకు తగులుకుంటే ఉరే. క్రేట్‌ను మీ మంచానికి చెయ్యి అందేంత దూరంలో పెట్టండి. పగలంతా తలుపు తీసి ఉంచి, తిండి అందులోనే పెట్టండి. పగలు ఒక్క కునుకన్నా అందులో తీయకుండా రాత్రి తలుపు మూస్తే భయపడుతుంది.

ఇక నిద్ర మధ్యలో. అది ఏడ్చాక లేవడం కాదు, ఏడవకముందే లేవండి. 11కి పడుకుంటే 1:30కి ఒకసారి, 4:30కి ఒకసారి అలారం. నడిపించొద్దు, ఒంటికి పోసే చోటికి ఎత్తుకుని తీసుకెళ్ళండి. నడిస్తే మూడో అడుగులోనే కానిచ్చేస్తుంది. లైటు వేయొద్దు, మాట్లాడొద్దు, ఆడొద్దు. ఐదు నిమిషాలు ఆగి, పని అయినా కాకపోయినా తెచ్చి పడుకోబెట్టండి. వరసగా మూడు రాత్రులు తడపకపోతే అలారం 20 నిమిషాలు ఆలస్యంగా పెట్టండి. నెల తిరిగేసరికి ఒక్కసారి లేస్తే సరిపోతుంది.

గోలీసోడా · ఉదయం 7:05
టిక్ టిక్ అనే పాత గడియారం గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. తల్లి గుండె చప్పుడనుకుని పడుకుంటుంది.

నాలుగుకాళ్ళు · ఉదయం 7:12
గడియారం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. లోపల బటన్ సెల్ ఉండి, అది మింగిందంటే మాత్రం అన్నవాహిక కాలి ఆపరేషన్ దాకా వస్తుంది. దానికి అందేచోట పెట్టొద్దు.

కరీంనగర్_శీను · ఉదయం 8:40
తోటకాపు అన్నా, తొమ్మిదింటికే నీళ్ళ గిన్నె తీసేసుడేంది? ఇది మే నెల. రాత్రి పదైనా గోడలు సెగ కొడ్తయి. పిల్లకి దాహమైతదా, కాదా?

తోటకాపు · ఉదయం 9:15
తొమ్మిదికి తీసి ఐదుకు పెట్టమన్నాను. ఎనిమిది గంటల్లో ఏ పిల్లా చావదు. నీళ్ళు పక్కన ఉంటే దాహానికి కాదు, తోచక తాగుతుంది. తాగితే పోస్తుంది. పోస్తే తడిలో పడుకుని ఏడుస్తుంది. లెక్క అంతే.

కరీంనగర్_శీను · ఉదయం 9:22
మనిషికి ఎనిమిది గంటలు, రెండు కిలోల పిల్లకు ఎనిమిది గంటలు ఒక్కటే అంటవా?

తోటకాపు · ఉదయం 9:50
అన్నానా నేను ఆ మాట? పగలంతా కడుపు నిండా తాగనివ్వండి. కిలోకు రోజుకు 60 మి.లీ. అనేది పెద్ద కుక్కల లెక్క, పిల్లకు ఇంకా ఎక్కువ పట్టించండి. దాంట్లో సింహభాగం సాయంత్రం 7లోపు వెళ్ళాలి. నేను చెప్పేది రాత్రి గురించి. చదివి మాట్లాడితే బాగుంటుంది.

నాలుగుకాళ్ళు · ఉదయం 10:18
పొడి తిండి తినే పిల్లకు నీళ్ళు ఎక్కువ కావాలి, మే నెలలో రొప్పే పిల్లకు ఇంకా కావాలి. చలికాలంలో ఆఖరి గంట గిన్నె తీస్తే తప్పులేదు. ఎండాకాలంలో తీయకూడదు. అడుగు బరువున్న చిన్న గిన్నెలో రెండు మూడు గుక్కల నీళ్ళు క్రేట్ దగ్గర ఉంచండి, అలారానికి లేచినప్పుడు మళ్ళీ పోయండి. మరి రెండు గంటలకోసారి పోసే పిల్లను ఎనిమిది గంటలు బాల్కనీలో వదిలేస్తే అది తడిలో పడుకోక ఏం చేస్తుంది? అక్కడ తప్పు గిన్నెదా, తలుపు మూసినవాళ్ళదా?

తోటకాపు · ఉదయం 10:41
మళ్ళీ గిన్నె దగ్గరికే వచ్చారు.

పశువులాసుపత్రి_వీధి · మధ్యాహ్నం 1:05
అందరూ గిన్నె చుట్టూ తిరుగుతున్నారు, వయసు సంగతి ఎవరూ అడగలేదు. 2.4 కిలోల లాబ్రడార్‌కి 45 రోజులా? బరువు ఒక్కటే చూసి చెప్పలేం, నోరు తెరిచి చూడండి. పాలపళ్ళు మొత్తం 28, సుమారు 8 వారాలకు పూర్తవుతాయి. ముందు పళ్ళు, కోరలు మాత్రమే ఉండి వెనక దవడ ఇంకా ఖాళీగా ఉంటే అది అయిదో వారం పిల్ల. అసలు 45 రోజుల పిల్లను అమ్మడమే తప్పు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు.

అయిదు వారాల పిల్ల అయితే పైన చెప్పిన సగం సలహాలు పనికిరావు. సాయంత్రం 7కే తిండి ఆపితే పొద్దుటికి రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్ల తూలుతుంది, చిగుళ్ళు తెల్లబడతాయి. రోజుకు ఐదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, ఆఖరిది 9:30కే పెట్టండి. పాలన్నం మాత్రం మానేయండి. గేదె పాలలోని లాక్టోజ్ అరగక కడుపు ఉబ్బి, నడిరాత్రి విరేచనం అవుతుంది. మీ పిల్ల రెండున్నర దాకా ఏడవడానికి అదీ ఒక కారణం కావచ్చు. పప్పీ డ్రై ఫుడ్‌ను గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, మెత్తగా మెదిపి పెట్టండి. పొట్ట బానలా ఉండి వెన్నెముక తేలి ఉంటే నులిపురుగులే. బరువు తూచి మందు వేయించండి, రెండు వారాలకోసారి.

పిల్లను కింద వీధిలోకి దింపొద్దు. పార్వో (పిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకాల వరస 16 వారాలకు గానీ పూర్తి కాదు, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికుంటుంది. బాల్కనీలో ట్రే పెట్టి కొబ్బరి పొట్టు రెండంగుళాలు పోయండి. అది ఒంటికి పోసి తడిపిన గుడ్డ ముక్క ఒకటి అందులో వేస్తే ఆ వాసనకు అక్కడికే వెళ్తుంది. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ వద్దు. పాదాలకు అంటుకున్నది నాకుతుంది, అది విషం. సగం నీళ్ళు సగం వెనిగర్ కలిపి తుడవండి.

మూడో_అంతస్తు · మధ్యాహ్నం 2:30
నోరు తెరిచి చూశాం. వెనక పళ్ళు లేవు. అమ్మినతను ఫోను ఎత్తడం లేదు.

గోలీసోడా · మధ్యాహ్నం 2:34
ఎత్తడు.

నాలుగుకాళ్ళు · సాయంత్రం 4:10
చూశారా తోటకాపు గారూ. అయిదు వారాల పసిదాన్ని బాల్కనీలో వదిలి చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. మీకు కుక్క అంటే గేటుకు కట్టే తాళం.

తోటకాపు · సాయంత్రం 4:25
వయసు 45 అని ఆయనే రాశాడు, నాకేమన్నా కలొచ్చిందా? మీకు కుక్క అంటే సోఫా మీద పెట్టుకునే బొమ్మ. మంచం పక్కన పెట్టండి, చెయ్యి అందివ్వండి, అలారం పెట్టండి, చీర పరవండి. తర్వాత? ఏడు నెలలకు 25 కిలోలవుతుంది. బొచ్చు రాలుతుంది, మంచమెక్కుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అప్పుడు బాల్కనీలోకి తోస్తారు. అప్పటి ఏడుపు కుయ్ కుయ్ అని ఉండదు, తలుపు చెక్క గీరి గోళ్ళు ఊడగొట్టుకుంటుంది. తర్వాత ఒక ఆదివారం కారులో ఎక్కించి నూజివీడు వైపు మామిడితోటల గేట్ల దగ్గర వదిలేసి పోతారు. ఏటా వస్తాయి అలాంటివి, మెడకు మంచి బెల్టుతో సహా. తోట కుక్కలు వాటిని బతకనివ్వవు. నా మాట అది. ఎక్కడ పడుకోవాల్సినదాన్ని మొదటి రోజే అక్కడ పడుకోబెట్టండి.

నాలుగుకాళ్ళు · సాయంత్రం 4:58
ఈ మాట పొద్దున్నే చెప్పి ఉంటే గిన్నె దగ్గర కొట్టుకునేవాళ్ళం కాదు. సరే. దీనికి నా జవాబు వేరే. చివరికి పడుకునే చోటు, మొదట పడుకునే చోటు ఒకటే కానక్కర్లేదు. క్రేట్ ఉన్నదే అందుకు. దానికి అలవాటయ్యేది గది కాదు, ఆ పెట్టె. మంచం పక్కన రెండు మూడు వారాలు. తర్వాత రెండు మూడు రోజులకు ఒక అడుగు చొప్పున తలుపు వైపు జరపండి. గుమ్మం దగ్గర వారం ఆపండి, తలుపు తెరిచి. తర్వాత హాలు. ఎక్కడన్నా ఏడుపు మొదలైతే ఒక అడుగు వెనక్కి. పగలు కూడా ఒంటరిగా ఉండటం నేర్పాలి. తిన్నాక, నిద్రకు తూగేటప్పుడు క్రేట్‌లో పెట్టి రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళండి, ఏడవకముందే తిరిగి రండి. రెండు, ఐదు, పది, ఇరవై. ఈ పగటి పని ఎగ్గొట్టి మంచం పక్కన పడుకోబెట్టినవాళ్ళ కుక్కలే మీ గేటు దగ్గరికొస్తున్నాయి.

మరి మూడో_అంతస్తు గారూ, ఏడాది తర్వాత అది ఎక్కడ పడుకోవాలి మీ ఇంట్లో?

మూడో_అంతస్తు · రాత్రి 7:15
నిజం చెప్పాలంటే మేమూ బాల్కనీ అనే అనుకున్నాం. అత్తయ్య దేవుడి గది వైపు రానివ్వద్దంటున్నారు. బాల్కనీ పడమర వైపు.

పశువులాసుపత్రి_వీధి · రాత్రి 7:32
పడమర గోడ రాత్రి పన్నెండు దాకా వేడి వదులుతుంది, ఈ నెలల్లో పెద్ద కుక్కను కూడా అక్కడ పెట్టలేరు. పైగా గ్రిల్ సందు చూడండి. తల పట్టిందంటే ఒళ్ళు పడుతుంది, మూడో అంతస్తు. ట్రే దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు కూడా పట్టుకునే ఉండండి, లేదా కింద రెండడుగుల ఎత్తున వల కట్టించండి. ఏసీ వేస్తే 26 దగ్గర పెట్టండి, గాలి నేరుగా క్రేట్ మీద పడకూడదు.

కరీంనగర్_శీను · రాత్రి 7:50
దేవుడి గదికి చిన్నపిల్లల అడ్డగేటు పెట్టుండ్రి. మొదట్నించి రానియ్యకుంటే అదే అర్థం చేసుకుంటది.

సుగుణ_వంటగది · రాత్రి 8:04
పొద్దుట్నుంచీ చదువుతున్నా. "లేవండి" "ఎత్తుకెళ్ళండి" అని రాస్తున్నారు గానీ ఒంటిగంటన్నరకు ఎవరు లేవాలో ఒక్కరూ రాయలేదు. మా ఇళ్ళల్లో ఎవరు లేస్తారో అందరికీ తెలుసు.

మూడో_అంతస్తు · రాత్రి 8:20
1:30 నాది, 4:30 మా ఆవిడది. ఇప్పుడే ఒప్పుకున్నాం. క్రేట్ రేపు వస్తుంది. ఇవాళ్టికి మంచం పక్కన ప్లాస్టిక్ బట్టల బుట్టలో చీర పరిచి పడుకోబెడుతున్నాం. మే నెలాఖరు దాకా గది, తర్వాత ఒక్కో అడుగు హాల్లోకి. బాల్కనీ ట్రేకే. రేపు పొద్దున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం.

తోటకాపు · రాత్రి 8:47
బుట్ట సందుల్లో కాలు ఇరుక్కుంటుంది, లోపలి నుంచి చీర గోడల దాకా పైకి లాగి పరవండి. 25 కిలోలయ్యాక కూడా ఇక్కడికొచ్చి రాయండి. నీళ్ళ గిన్నె సంగతి నేనింకా ఒప్పుకోలేదు.

కరీంనగర్_శీను · రాత్రి 8:49
ఒప్పుకోకు అన్నా. నీళ్ళయితే పెట్టనీ.