పంచె అంచు పట్టుకుంటున్న మా కార్గీ: మీ ఇళ్లలోనూ ఇంతేనా?

డల్లాస్ కోడలు:
మా కార్గీ జాతి కుక్కకు రెండేళ్లు, ఎవరి జోలికీ పోదు. సంక్రాంతికి ఊరి నుంచి మామయ్యగారు వచ్చారు. ఆయన సోఫాలోంచి లేస్తే చాలు, వెనక నుంచి వెళ్లి పంచె అంచు పట్టుకుంటుంది. కూర్చోగానే వదిలేస్తుంది. ప్యాంటు వేసుకున్న రోజు మడమనే మెల్లగా కొరికింది. "దీనికి నేనంటే గిట్టదమ్మా" అని ఆయన చిన్నబుచ్చుకున్నారు.

మెల్‌బోర్న్ రాజు:
గిట్టకపోవడం కాదండి. వేల్స్‌లో కార్గీల పని పశువులను తోలడం. మడమ కొరికి, ఆవు తన్నేలోపు నేలకు అతుక్కుపోతాయి. ఆ పొట్టి కాళ్ల ప్రయోజనం అదే. దాని లెక్కలో ప్రస్తుతం మీ మామయ్యగారు ఆవు. ఆయనతో అనకండి.

మాది బోర్డర్ కోలీ, గొర్రెలను తోలే జాతి. కరవదు, చూస్తుంది. తల దించి, ముందరి కాలొకటి గాల్లో ఆపి, రెప్ప వేయకుండా. ఈ జాతికి మూలపురుషుడని చెప్పే ఓల్డ్ హెంప్ అనే కుక్క 1893లో పుట్టింది, అదీ చూపుతోనే గొర్రెలను కదిలించేదట. మాకు గొర్రెలు లేవు కనుక వాషింగ్ మెషీన్‌ను చూస్తుంది. నడకకు వెళ్లినప్పుడు మా ఆవిడ వెనకబడితే, నలుగురం ఒకచోట చేరేదాకా అడుగు వేయదు.

హైదరాబాదీ:
మా జర్మన్ షెపర్డ్ ప్రహరీ వెంట తిరిగి తిరిగి పచ్చికలో జానెడు బాట వేసింది. మధ్యలో నడవమంటే నడవదు!

మెల్‌బోర్న్ రాజు:
కంచె లేని చేల పక్కన మంద మేస్తుంటే, పంట మీద పడకుండా హద్దు వెంట అటూ ఇటూ తిరగడమే వాటి పాత కొలువు.

అనంతపురం మనవడు:
మా తాతగారు గొర్రెలు కాసేవారు. మంద వెంట రెండు నాటు కుక్కలుండేవి. తోలేది తాతగారే, నోటితో. కుక్కల పని రాత్రిపూట తోడేలు అలికిడైతే మొరగడం. చూపుతో గొర్రెలను తోలే కుక్క ఉందంటే ఆయన నమ్మేవారు కాదు.

ఏడో అంతస్తు:
మా కోలీకి ఏడు నెలలు. గోడ మీద ఫ్యాను నీడ వెంట పడుతుంటే ముచ్చటపడి వీడియోలు తీశాం. ఇప్పుడు అన్నం గిన్నె ముందు పెట్టినా నీడనే చూస్తోంది.

మెల్‌బోర్న్ రాజు:
ఇది నవ్వుకునే విషయం కాదండి, ముదిరితే మాన్పించడం కష్టం. నీడ పడకుండా దీపం చోటు మార్చండి. లేజర్ లైటుతో ఆడించకండి, దొరకని వేట దాన్ని ఇంకా పిచ్చెక్కిస్తుంది. బొమ్మ దాచి వెతికించండి. అయినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇంకొకటి: గోమార్లకు మందు వేయించేటప్పుడు కోలీ అని ముందే చెప్పండి. వీటిలో కొన్నింటికి పుట్టుకతో ఉండే జన్యులోపం వల్ల ఐవర్‌మెక్టిన్ అనే మందు మోతాదు పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

డల్లాస్ కోడలు:
రాజు గారూ, మీ సమాధానాన్ని మావారు పైకి చదివేశారు, మామయ్యగారి ముందే. ఇప్పుడు ఆయన లేచే ముందు బంతి విసురుతున్నారు, కుక్క దాని వెంట పోతోంది. విసిరే ముందు మాత్రం ప్రతిసారీ "అంబా" అంటున్నారు.