డివిజన్ కోసం ఇంత టెన్షన్ ఎందుకు, వైల్డ్ కార్డ్ వస్తే చాలదా?

బెల్‌వ్యూ_బాబాయ్ | 2025 సెప్టెంబర్ 18, రాత్రి

అమెరికా బేస్‌బాల్ (మేజర్ లీగ్) సంగతి ఇది. రేపటి నుంచి హ్యూస్టన్‌లో మూడు మ్యాచ్‌లు. మన సియాటిల్ మెరైనర్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఒకే డివిజన్ (జట్ల గ్రూపు), ఇద్దరూ సరిగ్గా 84 గెలిచి 69 ఓడారు. ముఖాముఖిలోనూ 5-5. టై అయితే అదనంగా ఒక మ్యాచ్ ఆడించే పద్ధతి 2022లోనే పోయి, ముఖాముఖి లెక్కే చూస్తున్నారు కాబట్టి, ఈ సిరీస్ గెలిచినవాళ్ళకి టైబ్రేకర్ కూడా దక్కినట్టే.

మా ఆఫీసులో మాత్రం అందరిదీ ఒకటే పాట: "ఎలాగూ వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్స్‌లో దక్కే చోటు) వచ్చేలా ఉందిగా, ఎందుకంత హైరానా?" నేనొప్పుకోను. 2022 గుర్తు చేసుకోండి. 21 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్ళాం, వైల్డ్ కార్డ్‌గానే. మొదటి రౌండ్ మొత్తం టొరంటోలో. తర్వాతి రెండు మ్యాచ్‌లు హ్యూస్టన్‌లో. ఇన్నేళ్ళు ఎదురుచూసిన సియాటిల్ జనానికి సొంతూళ్ళో దక్కింది ఒకే ఒక్క మ్యాచ్. అది మామూలు తొమ్మిదికి బదులు 18 ఇన్నింగ్స్, ఆరు గంటలకు పైగా సాగింది, మనవాళ్ళు ఒక్క పరుగు చేస్తే ఒట్టు! చివరికి హ్యూస్టన్ ఆటగాడు పేన్యా హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టాడు, 1-0, కథ కంచికి. వైల్డ్ కార్డ్ అంటే నాకు గుర్తొచ్చేది అదీ.

ఫ్రిస్కో_రేంజర్

బాబాయ్ గారూ, మా టెక్సస్ రేంజర్స్ 2023లో చివరి రోజు డివిజన్ పోగొట్టుకున్నారు. మేమూ ఆస్ట్రోసూ చెరో 90 గెలిచాం, ముఖాముఖిలో వాళ్ళది పైచేయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత ఏమైంది? వైల్డ్ కార్డ్‌గా వెళ్ళి, బయట ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి వరల్డ్ సిరీస్ (ఫైనల్) పట్టుకొచ్చారు. దాటాల్సింది గడప, ఏ గుమ్మమైతే ఏం?

క్రికెట్_పిచ్చోడు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. డివిజన్ గెలిస్తే ఒరిగేదేంటి? ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లాంటిదా?

బెల్‌వ్యూ_బాబాయ్

దాదాపు అంతే తమ్ముడూ, కాకపోతే ఓడితే రెండో ఛాన్స్ ఉండదు. మేజర్ లీగ్‌లో ఉన్న రెండు లీగుల నుంచి ఆరేసి జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. డివిజన్ విజేతలు ముగ్గురిలో పై ఇద్దరికి మొదటి రౌండ్ ఆడే పని లేదు. మిగతా నలుగురు మూడేసి మ్యాచ్‌ల సిరీస్ ఆడాలి, అదీ పై ర్యాంకు వాళ్ళ ఊళ్ళోనే. మూడు మ్యాచ్‌ల్లో ఎవరు ఎవరినైనా ఓడిస్తారు. 162 మ్యాచ్‌లు కష్టపడి, ఆ లాటరీకి వెళ్ళడం నాకిష్టం లేదు.

ఫ్రిస్కో గారూ, మీ 11 నిజమే. అది రోజూ జరిగేది కాదు కాబట్టే ఇంకా చెప్పుకుంటున్నారు.

పాత_స్కోర్‌బుక్

మీ ఇద్దరి గొడవా వైల్డ్ కార్డ్ వచ్చాక పుట్టిందే. అది లేని 1993లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 103 గెలిచారు. అదే డివిజన్‌లో అట్లాంటా 104. ఆఖరి రోజు జెయింట్స్ డాడ్జర్స్ చేతిలో 12-1తో ఓడి ఇంటికెళ్ళిపోయారు. రేసంటే అదీ. ఇప్పుడు మూడో వైల్డ్ కార్డ్ కూడా పెట్టి, ఆలస్యంగా వచ్చినవాడికి కూడా విస్తరి వేస్తున్నారు.

బెల్‌వ్యూ_బాబాయ్

103 గెలిచిన జట్టు ఇంట్లో కూర్చోవడం గొప్ప ఎలా అవుతుందండీ? అది అన్యాయం. పైగా 1995 చూడండి. ఆగస్టు మొదట్లో ఏంజెల్స్ కంటే 13 ఆటలు వెనక ఉన్నాం. అప్పుడు కుర్రాళ్ళు మొదట కన్నేసింది వైల్డ్ కార్డ్ మీదే. ఆ ఆశతో గెలుస్తూ పోతే డివిజనే చేతికందింది. టై అయితే అదనపు మ్యాచ్‌లో మన పిచ్చర్ (బౌలర్ లాంటివాడు) ర్యాండీ జాన్సన్ బంతి పట్టుకున్నాడు, 9-1తో గెలిచాం. వైల్డ్ కార్డ్ ఉండాలి. ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు, నా గోల అంతే.

కేటీ_కుర్రాడు

హ్యూస్టన్ నుంచి నమస్కారం. మీ క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) ర్యాలీ ఈ సీజన్‌లో 56 హోమ్ రన్లు కొట్టాడని, మీ జట్టు రికార్డున్న గ్రిఫీతో సమమయ్యాడని మీవాళ్ళు తెగ ఎగురుతున్నారు. క్యాచర్‌కి అది మామూలు విషయం కాదు, ఒప్పుకుంటా. కానీ వరల్డ్ సిరీస్ గడప తొక్కని జట్టు లీగులో ఒక్కటే ఉంది, అది మీదే. 2001లో 116 గెలిచి ఏం చేశారు? యాంకీస్ చేతిలో పోయారు. రేపు రండి, చూసుకుందాం.

బెల్‌వ్యూ_బాబాయ్ | సెప్టెంబర్ 20, రాత్రి

నిన్న 4-0తో గెలిచాం. ఇవాళ కూడా 6-4, కానీ ఆ తొమ్మిదో ఇన్నింగ్స్ చూశాక మా ఆవిడ నాకు బీపీ మిషన్ తెచ్చిపెట్టింది. బేస్‌ల మీద హ్యూస్టన్ రన్నర్లు, బంతి రైట్ ఫీల్డ్‌లో ముందుకు పడబోతోంది. పడితే అయిపోయినట్టే. మన రోబ్లెస్ ఎక్కడినుంచి వచ్చాడో పరిగెత్తుకొచ్చి ముందుకు దూకి నేలకి తాకకుండా పట్టాడు. రన్నర్ అప్పటికే బేస్ వదిలి వెళ్ళిపోయాడు, వెనక్కి విసిరారు, డబుల్ ప్లే (ఒకేసారి ఇద్దరు ఔట్), మ్యాచ్ ఖతం. వైల్డ్ కార్డ్ చాలన్నవాళ్ళంతా ఆ టైంలో ఏం చేస్తున్నారో చెప్పండి.

ఫ్రిస్కో_రేంజర్

సోఫా మీద నిలబడి అరుస్తున్నాను. మాకేం సంబంధం అని మా అబ్బాయి అడిగాడు.

బెల్‌వ్యూ_బాబాయ్ | సెప్టెంబర్ 21

7-3. రెండో ఇన్నింగ్స్‌లోనే మన క్రాఫర్డ్ గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్). మూడుకి మూడూ మనవే. మూడు ఆటలు ముందున్నాం, టైబ్రేకర్ కూడా మనదే. మిగిలిన ఆరూ సొంతూళ్ళో. బుధవారం కొలరాడో రాకీస్ మ్యాచ్‌కి టికెట్లు తీసేశాను.

కేటీ_కుర్రాడు

అప్పుడే తీసేశారా? వేరే డివిజన్‌లో, జులైలో క్లీవ్‌లాండ్ కంటే డెట్రాయిట్ 15న్నర ఆటలు ముందుంది. ఇప్పుడెంతో చూశారా? ఒక్కటి.